గాలివాలు చూసుకుని విన్న క్యాసెట్

మేము పెరిగే కాలంలో పదో తరగతి పాసైన ఆడపిల్ల ఇంట్లో ఉందంటే, ఆ ఇంటికి వకీలూ డాక్టరూ కూడా ఆ పిల్లే. నవ్వకుండా రాసుకోవే బుజ్జీ. బొల్లాపల్లి దగ్గర మా ఊళ్లో ఆ పిల్ల నేనే. ఉత్తరాలు చదవడం సరే, పత్తికి కొట్టే పురుగుమందు డబ్బాలు చదవడం నా అసలు ఉద్యోగం. వాటి మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపైతే మహా విషం, పసుపైతే దాని తమ్ముడు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. నేను చదివేది ఆ రంగొక్కటే. (కింద చీమల బారులా ఉండే ఇంగ్లీషు జోలికి ఎన్నడూ పోలేదు. ఆ సంగతి మా నాన్నకు తెలియదు.) రంగు చూసి, నుదురు చిట్లించి, "గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు నాన్నా, ముక్కుకి తడిగుడ్డ కట్టుకో, చేతులకి కొబ్బరినూనె రాసుకో" అనేదాన్ని. ఊరందరి మీదా అరిచే మనిషి, నా ముందు చేతులు కట్టుకుని వినేవాడు.

అట్లాంటప్పుడు వినుకొండలో ఉండే మా అక్క, బావ చేత ఒక చిన్న టేప్‌రికార్డరు పంపింది. బ్యాటరీలతో నడిచేది, ఇటుకంత ఉంటుంది. అక్కకి ఏడో నెల, బస్సెక్కొద్దన్నారు. అందుకని అమ్మతో చెప్పుకోవాల్సిన మాటలన్నీ ఒక క్యాసెట్లో మాట్లాడి పంపింది. బావ ఏ మీట నొక్కాలో చూపించి, ఆదివారం మళ్లీ వస్తానని బస్సుకి పరిగెత్తాడు. నేను దాన్ని తిప్పి చూస్తే, వెనకవైపు పసుపు త్రికోణం. మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం.

"ఏందే అది?" అన్నాడు నాన్న.

తెలియదంటే పోయేది. నా నోటికి ఆ మాట రాదే. "పసుపు, నాన్నా. రెండో రకం విషం."

"మరి పుర్రె బొమ్మ లేదేంది?"

"పుర్రె ఉంటే చస్తారని రూఢిగా తెలిసినట్టు. ఇది ఏం చేసిద్దో కంపెనీవాళ్లకే తెలవదంట."

"అయితే నా బిడ్డ మాటలు ఇనొద్దంటావా?" అంది అమ్మ, కళ్లనీళ్లు పెట్టుకుని.

నాన్న ఆలోచించి, మందు కొట్టినంత జాగ్రత్తగా విందామన్నాడు. రోజుకు ఒక్కసారే, అదీ పొద్దున ఎండెక్కకముందు. వాకిట్లో పీట మీద టేప్‌రికార్డరు. గాలి ఎటు వీస్తుందో చూడటానికి నాన్న గుప్పెడు మట్టి ఎగరేసేవాడు. వీపుకి గాలి తగిలేటట్టు ముగ్గురం వరసగా కూర్చునేవాళ్లం, చేతులకి నూనె, ముక్కులకి తడిగుడ్డలు. అక్కేమో "అమ్మా, నాకు చింతకాయ పచ్చడి తినబుద్దయితంది" అని గారాలు పోతుంటే, అమ్మ గుడ్డలోంచి "పంపిస్తాలే తల్లీ" అని సమాధానం చెప్పేది. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, టేప్‌రికార్డరు తీసుకెళ్లి మందు పంపు పక్కన కొక్కేనికి తగిలించేవాళ్లం.

మూడో రోజు అట్టపెట్టెలో మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. దాని మీద అదే త్రికోణం, పక్కనే స్క్రూడ్రైవరు బొమ్మ మీద అడ్డగీత. వెనక మూత విప్పొద్దు, అంతే సంగతి. ఇది తప్పని చెబితే, ఇన్నాళ్లూ చదివిన డబ్బాల మాటేమిటని నాన్న అడగడా? కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచేశాను. అమ్మ రోజూ ఆ ఒక్కసారి కోసం కాచుకుని కూర్చోవడం చూస్తూ కూడా దాన్ని బయటికి తీయలేదు.

ఆదివారం బావ వచ్చాడు. వచ్చీ రాగానే టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని అన్నానికి కూర్చున్నాడు. నాన్న ముఖం పాలిపోయింది. అల్లుణ్ణి వద్దనలేడు. అమ్మ వైపు సైగ చేశాడు. విషానికి ఉప్పునీళ్లు విరుగుడు కదా, అమ్మ మజ్జిగలో దోసెడు ఉప్పు కలిపి తెచ్చింది.

"తాగండి అల్లుడుగారూ, చలవ చేసిద్ది," అన్నాడు నాన్న.

బావ ఒక గుక్క తాగి, కళ్లు తేలేసి, మర్యాద కొద్దీ గ్లాసు ఖాళీ చేశాడు. రెండోది పోశారు. అదీ తాగాడు. "మామయ్యా, మీ ఊళ్లో ఉప్పు ఊరికినే దొరుకుద్దా?" అన్నాడు నీరసంగా. అమ్మ మూడో గ్లాసు తెస్తుంటే ఇక నా వల్ల కాలేదు. బియ్యం డబ్బా కింద కాగితం తీసుకొచ్చి నాన్న చేతిలో పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. డబ్బాల సంగతితో సహా.

బావ పొలమారేంతగా నవ్వాడు. నాన్న నవ్వలేదు. "మొన్న పత్తికి కొట్టిన మందు సంగతేందే మరి?" అని మాత్రం అడిగాడు.

"రంగు చూసి చెప్పా నాన్నా."

ఇక నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే నాన్న కొత్త డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "తెలిసింది చదువు. తెలవంది తెలవదని చెప్పు, మందుల కొట్టాయన్ని నేనడుగుతా," అన్నాడు. గంటసేపు కూడబలుక్కుంటూ చదివాను. ఐదు మాటల దగ్గర ఆగాను. ఐదుసార్లూ తెలవదన్నాను. కాగితం కనపడక ఆ ఐదింటినీ పెన్నుతో ఆయన అరచేతి మీద రాశాను. సైకిలెక్కి వినుకొండ వెళ్లాడు. దార్లో దాహమేసినా, రాసిన మాటలు చెరిగిపోతాయని బోరింగు దగ్గర కూడా ఆగకుండా పోయాడట.

ఇన్నేళ్లొచ్చినా, తెలవదని చెప్పడానికి నాకు ఇప్పటికీ ఒక నిమిషం పడుతుందే బుజ్జీ. ఆ నిమిషంలో నాకు మా నాన్న చెయ్యి కనపడుతుంది, అరచెయ్యి ఆననీకుండా సైకిల్ హ్యాండిల్‌ని వేళ్లతోనే పట్టుకుని.