గొర్రెలు లేని ఫొటో

నన్ను దగా చేసిన మనిషి మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తే నయం. దొంగవాడు దగా చేస్తే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచివాడి మీద పెట్టుకున్న కోపం ఎక్కడా దిగదు. నేను ముసలివాణ్ణయ్యాను కానీ నా కోపం మాత్రం ఇంకా పడుచుగానే ఉంది.

మాది నల్లమల అంచున, మహబూబ్‌నగర్ జిల్లా కొసన ఉన్న పల్లె. గొర్రెలే మా బతుకు. ఎండలు ముదిరితే వాగు ఇసుకలో తవ్వుకున్న చెలిమెలు కూడా ఎండిపోయేవి. అప్పుడు మంద బతకాలంటే రెండే దారులు. ఒకటి, నాలుగు రోజులు నడిపించి కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవడం. ఆ నడకలో గొర్రెపిల్లలూ చూడి గొర్రెలూ దారి పొడుగునా రాలిపోయేవి. రెండోది, దొన. కొండల్లో బండల నడుమ నీళ్లు నిలిచే గుంటను మా దిక్కు దొన అంటాం. మా దొన రెండు గుట్టల సందులో ఉండేది. పైన బండ పగులులోంచి వేలెడు ధార పడుతుండేది, నడి వైశాఖంలో కూడా ఆగేది కాదు. దాని దారి నాలుగిళ్ల వాళ్లకే తెలుసు. ఉన్న నీళ్లు నాలుగు మందలకే బొటాబొటిగా సరిపోయేవి. అయిదో మంద వస్తే అందరికీ కృష్ణ దారే గతి.

అందుకని దొనను కొత్త మనిషికి చూపించాలంటే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంటి పెద్ద దొన పక్కన తన గొంగడి పరుస్తాడు. వచ్చినవాడు దాని మీద కూర్చుని జొన్నరొట్టె తింటాడు. తిన్నాక పెద్దమనిషి ఆ గొంగడి మూలకు ఒక ముడి వేస్తాడు. ముడి పడిందంటే వచ్చినవాడి నోటికి కూడా పడినట్టే. ప్రమాణాలు లేవు, ఒట్లు లేవు. మా అమ్మ కొత్తకోడలుగా వచ్చినప్పుడు కూడా అంతేనట. మిగతా ఊళ్ల గొర్లకాపర్లకు ఈ ఆచారం ఉందో లేదో నాకు తెలియదు. మా నాలుగిళ్లకు మాత్రం అది కోర్టు కాగితం కన్నా గట్టిది.

నేను ఏడో తరగతి తప్పి మంద వెనక పడ్డవాణ్ణి. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో, సముద్రం పక్క ఊరి నుంచి ఒక సారు వారం సంత జరిగే మా అంగడి ఊరి బడికి బదిలీ మీద వచ్చాడు. మెడలో ఎప్పుడూ ఒక నల్లటి పెట్టె కెమెరా వేలాడుతుండేది. ఆదివారం అంగడిలో నేను గొర్రెపిల్లను భుజాల మీద వేసుకుని నిలబడితే ఎదురుగా వచ్చి, "కదలకు తమ్ముడూ, ఊపిరి బిగబట్టు," అన్నాడు. రెండు వారాలకు ఫొటో తెచ్చి చేతిలో పెట్టాడు. గొర్రెపిల్ల చక్కగా వచ్చింది. నేను మాత్రం దాన్ని ఎత్తుకుపోతూ దొరికినవాడిలా ఉన్నాను.

ఆ ఫొటోతో నేను ఆయనకు అమ్ముడుపోయాను. ఆయనకు దారి చూపే మనిషి కావాలి, నాకు ఆ పెట్టె కావాలి. వీలైన ఆదివారమల్లా మందను బావకు, అంటే మా అక్క మొగుడికి, అప్పజెప్పి ఆయన వెంట పడేవాణ్ణి. ఉమామహేశ్వరం కొండ ఎక్కాం. బస్సెక్కి దేవరకొండ ఖిల్లాకు పోయాం. సోమశిల దగ్గర కృష్ణలో పడవ మీద తిరిగాం. కెమెరాను కడుపుకు ఆనించి, పైనున్న చిన్న అద్దంలోకి వంగి చూడాలని ఆయనే నేర్పాడు. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. మొదట్లో ఖిల్లాను పట్టబోయి పక్కనున్న బర్రెను పట్టాను. రీలుకు ఎనిమిది బొమ్మలు. ఏడు ఆయనవి. "ఎనిమిదోది నీదోయ్," అనేవాడు. ఆ ఒక్క బొమ్మ కోసం వారమంతా మంద వెనక నడుస్తూ, చెట్టునూ పుట్టనూ మనసులోనే ఫొటో తీసుకునేవాణ్ణి. నాకు అంతకు ముందు ఎవరూ ఏదీ నీదని ఇవ్వలేదు.

ఆ ఏడు ఎండలు మొదలవుతుండగా ఆయన వాళ్ల ఊరి సముద్రం ఫొటోలు చూపించాడు. నాకది దున్నిన చెల్కలా కనబడింది. ఆ మాటే అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు.

"మీ జిల్లాలో రాళ్లూ ముళ్లూ అన్నీ తీసేశానోయ్. ఇంక తీయడానికి ఏముంది ఇక్కడ?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "నడి ఎండకాలంల బండలకెళ్లి నీళ్లు కారే జాగ మీకు సూపిస్త సార్. మీ సముద్రం నీళ్లకు మా గొర్రె మూతి గూడ పెట్టదు," అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. ఆయన అప్పటికే నా చెయ్యి పట్టుకుని ఎప్పుడు, ఎక్కడ అని అడుగుతున్నాడు.

నాయినను ఒప్పించడానికి ఎనిమిది రోజులు పట్టింది.

"తెల్వనోన్ని దొనకు తోల్కపోవుడేందిరా? పిచ్చి గిట్ల లేసిందా?" అన్నాడు మొదట.

"మంచి సారు నాయినా. ఎవల్కి చెప్పడు," అని వెంటపడ్డాను. చివరికి విసిగిపోయాడు.

"సరే. గొంగడి మీద కూసుంటడా?"

"కూసుంటడు."

"గొంగడి సంగతి ఆయనకు సమజయ్యేటట్టు నువ్వే చెప్పాలె మరి. ఆయన మాట నాకు తెల్వది, నా మాట ఆయనకు తెల్వది. నడుమ నువ్వే ఉన్నవ్."

"చెప్త," అన్నాను.

చెప్పలేదు. ఊరి నుంచి దొనకు నాలుగు మైళ్లు. పొద్దున్నే సారూ నేనూ ముందు, నాయిన వెనక నడిచాం. మాట నాలుగుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరికీ చూపించకూడదంటే ఫొటో తీసి ఏం లాభమని ఆయన అక్కడికక్కడే వెనక్కి తిరుగుతాడేమోనని భయం. ఆయన తిరిగిపోతే నా ఎనిమిదో బొమ్మ కూడా పోతుంది. చూద్దాంలే, తిరిగొచ్చేటప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

దొన చూడగానే ఆయన చెప్పులు విడిచాడు. ఎవరూ విడవమనలేదు. అందుకే మంచివాడంటున్నాను. నాయిన గొంగడి పరిచాడు, ఆయన కూర్చున్నాడు, రొట్టెను మిరపకాయ తొక్కుతో కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిన్నాడు. నాయిన గొంగడి మూల అందుకుని నా వైపు చూశాడు.

"చెప్పినవా?"

"చెప్పిన," అన్నాను.

నాయిన ముడి వేశాడు. సారు ముచ్చటగా చూసి, "ముడి ఎందుకోయ్?" అని నన్ను అడిగాడు.

"ఏం లేదు సార్. ముసలోళ్ల అలవాటు," అన్నాను.

ఆ సందులోకి ఎండ పడేది నడిమధ్యాహ్నం ఒక్క గడియే. సరిగ్గా అప్పుడే బావ మందను తోలుకొచ్చాడు. పొద్దుటి నుంచి నీళ్లు ముట్టని గొర్రెలు వాసన పట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. సారు కెమెరాను బండ మీద ఆనించి, "నీళ్లు కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. కాసేపు గొర్రెలు లేకుండా తీద్దాం," అన్నాడు.

"జీవాలు తాగినంక తియ్యమను," అన్నాడు నాయిన.

నేను వినలేదు. కర్ర అడ్డం పెట్టి మందను వెనక్కి నెట్టాను. దప్పికతో అరుస్తున్న గొర్రెలను ఏడు బొమ్మలు అయ్యేదాకా బావతో ఆపించాను. ఎనిమిదోదానికి సారు పక్కకు తప్పుకున్నాడు. నేను కిందికి దిగి, నీళ్లకు దగ్గరగా ఉన్న పొట్టి బండ మీద కెమెరా పెట్టాను. అక్కడి నుంచి ధార నీళ్లలోనూ కనబడి రెండు ధారలయ్యింది. ఊపిరి బిగబట్టి నొక్కాను.

తిరిగొచ్చేటప్పుడు కూడా చెప్పలేదు. ఎట్లా వచ్చి ఉంటుందోయ్, ఎట్లా వచ్చి ఉంటుందోయ్ అని ఆయన దారి పొడుగునా అదే మాట. నాదీ అదే ధ్యాస.

వర్షాలు పడ్డాయి, పోయాయి. సంక్రాంతి దాటాక అంగడి ఊరి సోడా దుకాణంలో కొత్త క్యాలెండర్ వేలాడుతోంది. ఏదో బట్టల దుకాణం వాళ్లు పంచిపెట్టినది. దాని మీద మా దొన ఉంది. రెండు ధారలు. పొట్టి బండ మీది నుంచి తీసిన బొమ్మ. నా బొమ్మ. కింద సారు పేరు. పేరు కింద, 'నల్లమలలో మనిషి అడుగు పడని జలపాతం' అని ఉంది. ఇంకా కింద, చిన్న అక్షరాల్లో, ఏ ఊళ్లో బస్సు దిగాలో, అక్కడి నుంచి ఎన్ని మైళ్లు నడవాలో ఉంది.

నిజం చెప్పాలి. నాకు ముందు మండింది ఆయన పేరు చూసి. దొన గుర్తొచ్చింది తర్వాత.

ఆ కోపంతోనే బడికి పోయి అడిగాను. "ఎనిమిదోది నాది కద సార్?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది నువ్వు తీసిందా? అయ్యో, రీలులో ఏది ఎవరిదో నేనెప్పుడూ రాసిపెట్టుకోలేదోయ్. మళ్లీ వేస్తే నీ పేరే వేయమంటాను," అన్నాడు. ఏరు దాటి తెప్ప తగలేసినవాడి ముఖం కాదది. సంతోషంతో వెలుగుతున్న ముఖం. నేను దొన మాట ఎత్తకుండానే బయటికొచ్చాను. ఎత్తితే నా మాట కూడా ఎత్తాల్సి వస్తుంది.

ఆ ఎండాకాలం జనం వచ్చారు. మొదట జీపులో నలుగురు, తర్వాత బస్సుల్లో కుటుంబాలతో. సబ్బులు పెట్టి స్నానాలు చేశారు. వంటలు చేసి విస్తర్లు అక్కడే పారేశారు. నెల తిరక్కుండా ఎవరో ఒక రాయికి పసుపు, కుంకుమ పెట్టి దొనను తీర్థం చేశారు. ఒక మనిషి కర్ర పట్టుకుని దారిలో కూర్చున్నాడు. "గిది దేవుని జాగ. గొర్లు ముట్టుకుంటె మైల," అన్నాడు నాయినతో. మా తాతముత్తాతల కాలం నుంచి గొర్రెలు మూతిపెట్టిన నీళ్లు రాత్రికి రాత్రి మైలపడ్డాయి.

"ఎవలు చెప్పిన్రురా గీళ్లకు?" అని నాయిన అడిగాడు.

"సారే. కాయితంల అచ్చేసిండు."

"ముడేసినంక గూడనా?"

"ఆ," అన్నాను.

నాయిన మనిషిని తిట్టగా నేను విన్నది అదే మొదటిసారి. నేనూ గొంతు కలిపాను. ఆయన కన్నా ఎక్కువే తిట్టాను. ఆ ఏడు మంద కృష్ణకు నడిచింది. సగమే తిరిగొచ్చింది. వెంట పోయిన మిగతా మూడిళ్ల మందలదీ అదే గతి. వాళ్లు మా గడప తొక్కడం మానేశారు.

వానలు పడ్డాక సారు మా ఇంటికి వచ్చాడు. బదిలీ అయిందట, చెప్పిపోదామని వచ్చాడు. చంకలో క్యాలెండర్, నాయినకు ఇవ్వడానికి. "మీ దొనకు ఎంత పేరొచ్చిందో చూశారా అండీ?" అంటూ లోపలికి వచ్చాడు.

నాయిన మంచం మీది నుంచి లేవలేదు. "గొంగడి మీద కూసొని గిట్ల జేస్తివేంది సారూ?" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

సారు అయోమయంగా నవ్వాడు. "గొంగడి మీద కూర్చుంటే ఏమిటండీ?"

నాయిన ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నట్టున్నాను. నాయిన లేచి, మంచం మీద జాగా చూపించాడు. "ఏం లేదు సారు. కూసోన్రి. చల్ల తాగుదురు," అన్నాడు. అమ్మను పిలిచి చల్ల తెప్పించాడు. ఎండలో పంపొద్దని పొద్దు వాలేదాకా కూర్చోబెట్టాడు. సారు నాకు కెమెరా చేతికిచ్చి ఆఖరిసారి ఒకటి తీసుకోమన్నాడు. తీసుకోలేదు.

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ముడి ఎందుకని ఒక్కసారే అడిగాడు. ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణనే నమ్ముతాను. మనిషి అడుగు పడని చోటని వేయించినవాడు, అక్కడ తన పక్కన కూర్చుని రొట్టె పెట్టిన మనిషిని ఎట్లా మరిచిపోయాడు?

మరుసటి ఎండాకాలం మిగిలిన మంద బయలుదేరింది. కృష్ణ వైపు కాదు, తూర్పు గుట్టల వైపు. అటు ఇంకేదో నీళ్లు దొరికాయని అర్థమైంది. నేను చెప్పులు తొడుక్కుని కర్ర అందుకున్నాను. బావ తల వంచుకుని మందను అదిలిస్తున్నాడు. ఆయన మా ఇంటికి ఇల్లరికం వచ్చి మూడేళ్లయినా నిండలేదు.

"ఏ దిక్కు పోతున్నం బావా?" అన్నాను.

బావ నాయిన వైపు చూశాడు. నాయిన నా చేతిలోంచి కర్ర తీసుకుని బావకు ఇచ్చాడు.

"నువ్వు ఇంటికాడ ఉండు," అన్నాడు.