ఆరు సీట్ల బాబాయి

బాబాయికి కోపమొస్తే తిట్టేవాడు కాదు, అలిగేవాడు కాదు, మాటలు మానేసేవాడూ కాదు. దింపేసేవాడు.

ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎక్కించాల్సిన వాళ్ళని ఎక్కించాడు, దింపాల్సిన వాళ్ళని దింపాడు. రిటైరయ్యాక మనిషి ఇంట్లో ఉన్నాడు గానీ చేతులు మాత్రం బస్సులోనే ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆయన అన్న కూతురు ఆయన ఫోనులో పాటల యాప్ పెట్టి, ఫ్యామిలీ ప్లాన్ తీయించింది. ఆ అమ్మాయి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. బాబాయి ఆమెని పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఆయనకి ఆమె ‘ఎర్రపెన్ను’.

"ఆరుగురి దాకా చేర్చుకోవచ్చు బాబాయ్. అందరిదీ ఒకే కుటుంబం, ఒకే అడ్రసు అయ్యుండాలట."

"ఆరు సీట్లేనా? ఇదేం బండే ఎర్రపెన్నూ, ఆటోకి ఎక్కువ, బస్సుకి తక్కువ! మరి నిలబడేవాళ్ళో?"

"నిలబడేవాళ్ళు ఉండరు బాబాయ్."

"పాపం, ఈ కంపెనీవాడు ఎప్పుడూ బస్సెక్కినట్టు లేదు," అని జాలిపడ్డాడు.

ఒక సీటు కండక్టరుది, అంటే తనది. రెండోది ఎర్రపెన్నుకి. మూడోది ఆమె అన్నయ్యకి. అతనికి బజారులో కళ్ళద్దాల దుకాణం ఉంది. నాలుగోది పెద్దత్తకి, అంటే బాబాయికి అక్క. ఐదోది కింద వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీకి. "ఆయన మన కుటుంబం కాదు కదా బాబాయ్" అంటే, "నా ప్యాంటు కొలతలు మీ ఎవరికైనా తెలుసా? ఆయనకి తెలుసు. ఇంకేం కావాలి?" అన్నాడు. ఆరోది ఎప్పుడూ ఖాళీనే. ఎవరికని అడిగితే, "దారిలో ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు" అనేవాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి కూడా బస్సులోంచే జవాబు చెప్పేవాడు: "టికెట్టు చింపేలోపే దిగిపోయిందమ్మా."

మొదట దిగింది పెద్దత్త. చూసిపోదామని వచ్చినావిడ ఊరుకోక, "ఏరా, ఈ కర్టెన్లు వెలిసిపోయి వెల్లగోడలో కలిసిపోయాయి, మార్చవట్రా?" అంది. బాబాయి చిరునవ్వుతో ఆవిణ్ణి మెట్ల దాకా సాగనంపాడు. ఆవిడ ఇల్లు చేరి, చెవిలో పాట పెట్టుకునేసరికి పాట లేదు. మెసేజీ ఉంది. ‘నిన్ను దింపాను. కారణం: కర్టెన్లు.’

దర్జీ ప్యాంటు పొట్టిగా కుట్టి దిగాడు. అన్నయ్య ఆవలిస్తూ ఫోనెత్తినందుకు దిగాడు. ఎర్రపెన్ను అయితే బాబాయి మెసేజీలో అక్షరదోషం చూపించి దిగింది. అదీ అక్కడికక్కడే, సాక్షాత్తూ ఆయన ముందు కూర్చుని ఉండగా.

దింపడం ఒక ఎత్తు, మళ్ళీ ఎక్కించడం ఒక ఎత్తు. "కంపెనీ రూలు. అడ్రసు ఒకటే అని నమ్మాలంటే ఫోను ఈ గడప దాటి లోపలికి రావాలి. వస్తేనే ఒప్పుకుంటుంది," అనేవాడు. ఎక్కేవాళ్ళు గుమ్మంలో నిలబడాలి. ఆయన లోపలినుంచి విజిల్ ఊదాలి. "జరగండి జరగండి, లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే!" అని ఒక్క మనిషికే అరవాలి. అప్పుడు లోపలికొచ్చి, ఫోను ఆయన చేతిలో పెట్టి, టీ తాగాలి. ఆయన వీపు తిప్పుకుని ఏదో నొక్కి, "రైట్ రైట్!" అనేదాకా ఎవరికీ పాట లేదు.

"మా కొట్టు మీ కిందేగా, అడ్రసు ఒకటేగా?" అని దర్జీ ఓసారి వాదించాడు.

"కింద మెట్టు వేరు, పై మెట్టు వేరు. కంపెనీ అన్నీ చూస్తుంది. ఎక్కి రా."

రోజంతా కామాలూ ఫుల్‌స్టాపులూ ఏరే ఎర్రపెన్ను ఆ రూలు ఎక్కడ రాసుందో ఒక్కసారీ చదవలేదు. కండక్టరు చెప్పిన రూలుని ఎవరు చదువుతారు?

ఇదంతా ఇలా సరదాగా సాగుతుండగా ఎర్రపెన్ను వాళ్ళ నాన్న పోయాడు. నలుగుర్నీ పిలిచి ఆయన్ని తల్చుకుందామని అన్నయ్య కార్డులు వేయించాడు. హడావుడిలో చెల్లెలికి చూపించకుండా దుకాణం పక్కనున్న ప్రెస్సులో ఇచ్చాడు. పంచడం కూడా అయ్యాక ఒకటి చెల్లెలి చేతికొచ్చింది. ‘మా నాన్నగారి జ్ఞాపకార్ధం’ అని ఉంది. ‘థ’ ఉండాల్సిన చోట ‘ధ’. అక్షరం కడుపులో చుక్క ఉంటే అది నాన్న జ్ఞాపకం కోసం. చుక్క లేకపోతే నాన్న జ్ఞాపకంలో సగం.

ఆ మనిషికి దుఃఖమొచ్చినా చేతిలో ఉన్నది ఎర్ర పెన్నే. ఆ అక్షరం చుట్టూ సున్నా చుట్టి, పక్కన ‘నాన్న జ్ఞాపకం నీకు సగమేనా?’ అని రాసి అన్నయ్య దుకాణానికి పంపింది. మర్నాడు జవాబుగా ఒక పెట్టె వచ్చింది. అందులో అద్దాలు లేని ఫ్రేము, చిన్న చీటీ: ‘చుక్కలు తప్ప మనుషులు కనపడనివాళ్ళకి.’

అంతే. రెండేళ్ళు వాళ్ళిద్దరి మధ్యా మాట లేదు. ఎర్రపెన్ను ఆ ఫ్రేము పారెయ్యలేదు. అలాగని పెట్టుకోడానికి అందులో అద్దాలూ లేవు. రోజూ టేబులు సొరుగు తీస్తే కనపడేది, వేస్తే మనసులో కనపడేది.

ఒక ఆదివారం పొద్దున్నే మెసేజీ. ‘నిన్ను దింపాను. కారణం: పోయిన వారం ఫోన్ చెయ్యలేదు.’ ఆమె విసుక్కుంటూ వెళ్ళేసరికి మెట్ల మీద అన్నయ్య. అతని ఫోనులోనూ మెసేజీ. ‘నిన్ను దింపాను. కారణం: పోయిన వారం ఫోన్ చేశావు.’

బాబాయి ముందుగదిలో పాత బస్సు సీటొకటి ఉండేది, ఇద్దరు పట్టేది. తను పనిచేసిన బస్సుని తుక్కుకి పంపుతుంటే అడిగి తెచ్చుకున్నది. స్పాంజి బయటికొచ్చి, కూర్చుంటే నిట్టూర్చేది. ఆ గదిలో కూర్చోడానికి అదొక్కటే గతి. ఇద్దరూ చెరో వైపు తిరిగి కూర్చున్నారు.

"సిగ్నలు లేదర్రా, ఆగండి," అని బాబాయి వంటింట్లోకి పోయాడు.

"బాబాయ్, ఆవిణ్ణి మోచెయ్యి తియ్యమను."

"బాబాయ్, ఆయన్నే చూసుకుని కూర్చోమను. అద్దాలమ్మే మనిషేగా!"

"అద్దాలు కళ్ళకి పెడతాం బాబాయ్, నోటికి కాదు!"

"టీలో పంచదార ఎంత?" అన్నాడు బాబాయి. ఈ మాటలేవీ వినపడనట్టే.

ఆ రోజు అంతే. పై నెల మళ్ళీ ఇద్దర్నీ ఒకే పూట దింపాడు. ఆ పై నెలా అంతే. సిగ్నలు రావడానికి గంటలు పట్టేది. నాలుగోసారి ఆయన తన ఫోనులో ఒక పాట పెట్టాడు. వాళ్ళ నాన్న గడ్డం గీసుకుంటూ పాడే పాట. నాన్నకి రెండో చరణం ఎప్పుడూ సరిగా రాలేదు, ఒక మాట మింగేసి దానికి బదులు "తరరా" అనేవాడు. ఆ చోటు వచ్చేసరికి సీటుకి ఆ కొసనుంచీ ఈ కొసనుంచీ ఒకేసారి "తరరా" వినపడింది. ఇద్దరూ ఉలిక్కిపడి చూసుకున్నారు. ముందు నవ్వింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. సీటు మాత్రం గట్టిగా నిట్టూర్చింది.

"ఇదుగో," అన్నాడు బాబాయి కప్పులు పెడుతూ, "అద్దాలమ్మేవాడికి చుక్క కనపడలేదు. ఎర్రపెన్ను పట్టినదానికి చుక్క తప్ప ఇంకేం కనపడలేదు. సగం అనే కదా వాడు అచ్చువేయించింది? ఉన్నమాటే. మీ నాన్న జ్ఞాపకం వాడి దగ్గర సగమే ఉంది. మిగతా సగం నీ దగ్గరుంది. చెరో బస్సులో వేసుకుపోతే ఎలాగే?" అని, ఫోనులు తిరిగిచ్చి, "రైట్ రైట్!" అన్నాడు.

అప్పటినుంచి నెలకోసారి దిగడం, ఆదివారం పూట ఎక్కడం ఆ ఇంటి ఆచారమైపోయింది. కారణాలు అడిగే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

ఒక మధ్యాహ్నం పేపరు చదువుకుంటూ, బెల్లు కొట్టకుండా, ఎవరికీ చెప్పకుండా బాబాయే దిగిపోయాడు.

ఆ వాటాలోకి ఎర్రపెన్ను మారింది. సీటు కదపలేదు, కర్టెన్లు మార్చలేదు. పాటలు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాయి. అదే భరించలేకపోయింది. ఆదివారం పొద్దున్నే ఫోను చూసుకునేది. ‘నిన్ను దింపాను’ అనేవాళ్ళు లేరు. దింపేవాడు లేకపోతే ఎక్కడానికి వచ్చేదెవరు? అన్నయ్య రెండుసార్లు ఫోను చేశాడు. "వస్తాలే," అన్నాడు. రాలేదు. ఏ పనిమీద రావాలో అతనికీ తెలియదు. ఆమెకి భయం పట్టుకుంది, మళ్ళీ చెరో బస్సూ అయిపోతుందేమోనని.

ఆరో ఆదివారం బాబాయి ఫోనుకి ఛార్జింగు పెట్టి యాప్ తెరిచింది. సభ్యులని చేర్చే చోట నిబంధనలున్నాయి. అలవాటు కొద్దీ చదివింది. ప్రెస్సులో చదివినట్టు వేలు పెట్టి రెండోసారి చదివింది. లింకు పంపితే చాలట. ఎక్కడున్నవాళ్ళయినా దాన్ని నొక్కి, అడ్రసు టైపు చేస్తే చాలట. గడప లేదు, మెట్లు లేవు, విజిల్ అసలే లేదు. అచ్చులో ఒక్క తప్పూ లేదు. తప్పంతా బాబాయిదే.

పరుగున కిందికి దిగి దర్జీని అడిగింది.

"తెలుసమ్మా," అన్నాడాయన సూదిలో దారం ఎక్కిస్తూ. "రెండోసారికే తెలిసింది. అయినా ఎక్కి వెళ్ళేవాణ్ణి. పొద్దుట్నుంచి మిషనుతో తప్ప మాట్లాడని మనిషిని, పిలిచి టీ ఇస్తుంటే రూలు చదువుతానా? అసలు ప్యాంటు పొట్టిగా కుట్టింది ఎందుకనుకున్నావు?"

పైకొచ్చి బస్సు సీటు మీద కూర్చుంది. నవ్వొచ్చింది. బాబాయి ఫోనులో అన్నయ్య పేరు దగ్గర నొక్కింది. మెసేజీ కొట్టింది. ‘నిన్ను దింపాను. కారణం: నెలన్నరగా రాలేదు.’ తొందరలో వేలు జారి, చేర్చే లింకు కూడా దాని వెనకే వెళ్ళిపోయింది. నాలిక్కరుచుకుంది. ఇంక రాడు. దుకాణంలో కూర్చునే ఎక్కేస్తాడు.

అరగంటకి మెట్లు చప్పుడయ్యాయి. గుమ్మంలో అన్నయ్య, రొప్పుతూ.

"ఏంటే ఇది?"

"కంపెనీ రూలు. ఫోను గడప దాటాలి."

"తెలుసులే. అందుకేగా వచ్చాను." ఫోను ఆమె చేతిలో పెట్టాడు. లింకు అలాగే ఉంది. చూశాడు, నొక్కలేదు.

ఆమె మేకుకి వేలాడుతున్న విజిల్ తీసి ఊదింది. సరిగా మోగలేదు, తుస్సుమంది. "గుమ్మంలో నిలబడ్డావేం? లోపలికి జరుగు," అంది. "లోపల చాలా ఖాళీ ఉంది అన్నయ్యా."

అతను వచ్చి కూర్చున్నాడు. సీటు నిట్టూర్చింది. "మోచెయ్యి తియ్యి," అన్నాడు. ఆమె తియ్యలేదు.

అంతలో పెద్దత్త ఫోను. "ఏమే, వాణ్ణి దింపావట, ఇప్పుడే దర్జీ చెప్పాడు. నేనేం పాపం చేశానే? నన్నెప్పుడు దింపుతావు?"

"ఏ తప్పూ లేకుండా ఎలా దింపను అత్తా?"

అటువైపు గొంతు సవరించుకుని, బాగా తయారై ఉన్నట్టు పెద్దత్త అంది:

"ఆ కర్టెన్లు వెలిసిపోయాయే!"