తడవని వల

ఆఫీసులో ఆమెను అందరూ చుక్కలమ్మ అంటారు. పదకొండేళ్లుగా ఆమె చూస్తున్నది చుక్కలనే మరి! తెరమీద ఒక్కో చుక్క ఒక్కో పడవ. మధ్యలో ఎర్రగీత లోపల ఉన్నది పగడపు దిబ్బ. అక్కడ సముద్రం అడుగును ఈడ్చే వల వేయకూడదు. వేస్తే వందలేళ్లుగా పెరిగిన పగడం ఒక్క పూటలో పిండైపోతుంది. గీత దాటిన పడవ వేగంగా పోతుంటే దారిన పోతోందనుకోవచ్చు. నత్తలా నడిచిందా, వల ఈడుస్తున్నట్టే లెక్క. వెంటనే గస్తీ పడవకు కబురు పెట్టాలి.

ఆ మధ్యాహ్నం ఒక చుక్క గీత దాటి నత్తనడక పట్టింది. ఆమె నంబరు చూసింది. అన్నయ్య పడవ! చిన్నప్పుడు నడుం పట్టుకుని ఈత నేర్పిన అన్నయ్య. రేడియోలో మూడుసార్లు పిలిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పక్క కుర్చీలోని పెద్దాయన తొంగిచూశాడు. "మీ అన్నే కదమ్మా, కాసేపు ఆగు. బయటికొచ్చేస్తాడేమో. కబురు పెట్టావంటే లైసెన్సు పోతుంది. పిల్లలున్న ఇల్లు."

"మొన్న ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు దాటితే ఆగామా బాబాయ్? వాడికీ పిల్లలున్నారుగా!" అంటూనే గస్తీ పడవకు కబురు పెట్టేసింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చుక్కలమ్మ పట్టేసింది. పట్టేసి, బాత్రూములో కుళాయి తిప్పుకుని భోరున ఏడ్చింది. ఇక వదిన గడప ఏ మొహం పెట్టుకుని తొక్కుతుంది?

గంట తర్వాత గస్తీ పడవనుంచి పిలుపొచ్చింది. "అమ్మా, వీళ్ల వల తడవనేలేదు. చుట్టింది చుట్టినట్టే ఉంది. పడవకి చిల్లుపడి ఇంజనులోకి నీళ్లొచ్చేశాయి. రేడియో కూడా చచ్చింది. కొట్టుకుపోయి ఇటొచ్చారు. ముగ్గురూ బకెట్లతో తోడుతున్నారు. ఇంకో అరగంట ఆలస్యమైతే మునిగేవాళ్లే!"

చీకటి పడకముందే అన్నయ్య తడిబట్టలతో ఆఫీసుకే వచ్చేశాడు. ఆమె తలెత్తలేకపోయింది.

"నిన్ను దొంగవనుకున్నాను అన్నయ్యా."

"పిచ్చిమొద్దూ! అనుకున్నావు కాబట్టే బతికాను. మావాడేలే అని ఊరుకుంటే ఈపాటికి మీ వదినకి ఏం చెప్పేదానివి?"

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆమెకు కడుపు నిండిపోయింది. అన్న బతికాడు, పైగా దొంగా కాదు. రెండింటికీ ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఆ తెరకే పెట్టేసింది.