నాయనకు మాత్రమే కనిపించిన చేపలు

కంటి ఆపరేషన్ అయినాక నాయనకు ఎండలోకి పోతే కళ్ళు నీళ్ళు కారేవి. అనంతపురంలో ఎండ తగలకుండా మనిషి యాడికి పోతాడు? స్కూటీ మీద ఎక్కించుకుని కళ్ళద్దాల అంగడికి పిల్చుకపోయినాను. అంగడాయన పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు ఇచ్చి, "నీళ్ళ మీద, రోడ్డు మీద తళతళలాడే మెరుపును ఇవి ఆపేస్తాయి పెద్దాయనా" అన్నాడు.

నాయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైనాడు. చూసిందాన్ని చెప్పకుండా ఉండలేడు. తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆ గ్లాసుల్లోంచి ముందున్న కారు వెనకద్దం చూసి, బండి దిగిపోయి, కారాయన కిటికీ తట్టినాడు.

"ఏమప్పా, నీ అద్దం నిండా చిరుతపులి మచ్చలుండాయి. తుడుచుకో."

పాపం, ఆయన దిగొచ్చి గుడ్డతో తుడిచినాడు. "పోలేదు" అన్నాడు నాయన. మళ్ళీ తుడిచినాడు. వెనకోళ్ళు హారన్లు కొడుతుంటే నేను నాయనను లాక్కొచ్చి ఎక్కించుకున్నాను. ఆ మచ్చలు అద్దంలోనే ఉంటాయని, ఈ గ్లాసుల్లోంచి చూస్తే బయటపడతాయని నాకు తర్వాత తెలిసింది.

నీళ్ళ సంగతి కూడా చూద్దామని బుక్కరాయసముద్రం చెరువు కాడికి పోయినాము. కట్ట కింద రాళ్ళ మీద ఒకాయన గాలం వేసుకుని కూర్చోనుండాడు. నాకు నీళ్ళ మీద తెల్లటి ఎండ తప్ప ఏమీ కనపడలేదు. నాయన మాత్రం వంగి చూసి గొంతు తగ్గించినాడు.

"పాపా, ఈడ చేపలుండాయి. మంద."

"నాకేం కనపడలేదు నాయనా."

"మీ అమ్మ కూడా నమ్మదు. ఫోటో తీసి పంపిస్తా." ఫోను తీసి అడ్డంగా తిప్పినాడు. "అయ్యో, ఫోను చచ్చిపోయింది."

నేను తొంగి చూసినాను. తెర బ్రహ్మాండంగా వెలుగుతాంది, కానీ దాంట్లో ఎండ తప్ప చేపల్లేవు. ఆయనకు చేపలు కనపడతాండాయి, ఫోను కనపడదు. నాకు ఫోను కనపడతాంది, చేపలు కనపడవు. ఇద్దరమూ ఎవరి కళ్ళు మంచివో కాసేపు వాదించుకున్నాము. చివరికి ఫోను నిలువుగా తిప్పితే ఆయనకూ తెర కనిపించింది. అప్పుడు గ్లాసులే అడ్డమని అర్థమైంది.

ఇంతలో గాలమాయన, "అన్నా, నిజంగా కనపడతాండాయా?" అని అడిగినాడు. నాయనకు పాత ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. "రైట్... రైట్... ఇంకొంచెం పోనీ... హోల్డాన్" అని చెరువు దద్దరిల్లేలా గాలాన్ని నడిపించినాడు. ఆ కేకలకు ఉన్న చేపలన్నీ పారిపోయినాయి. గాలమాయన గ్లాసులు అడిగి పెట్టుకుని చూస్తే ఖాళీ నీళ్ళు.

"బాగానే ఉండాయి అన్నా. రాళ్ళు బాగా కనపడతాండాయి" అన్నాడు మర్యాదగా.

నాయనకు చిన్నతనమైంది. ఉత్తచేతుల్తో ఇంటికి రానన్నాడు. టౌనుకొచ్చి మార్కెట్లో చేపలు కొనుక్కుని, చెరువులో పట్టించినానని అమ్మ చేతికిచ్చినాడు.

అమ్మ సంచి విప్పి, చేప మీద వేలు పెట్టి చూసింది.

"చెరువులో ఐసు కూడా పడతాందా ఈ ఎండకి?"

నాయన గ్లాసులు తీయకుండానే పోయి టీవీ ముందర కూర్చున్నాడు.