మా బర్రెకు పెట్టిన పేరు

మా అమ్మకు సిన్మాల కతలు అంతగ యాదికుండయి గని, ఆ సిన్మాలల్ల చేసిన హీరోయిన్ల కతలు మాత్రం అన్నీ ఎరుకే. ఎవలు ఎవల్ని చేసుకున్నరు, ఎవల పెనిమిటి మంచోడు, ఎవలు తమ్ముండ్లను నమ్మి బంగ్లా పోగొట్టుకున్నరు, ఎవలు ముసలితనంల గుడి కట్టిచ్చిన్రు... అడుగుడే ఆలస్యం, పక్కింటోల్ల సంగతి చెప్పినట్టు చెప్తది. ఒకామెను "నోరు కటువు గని చెయ్యి పెద్దది" అంటది. ఇంకొకామెను "పాపం, నవ్వులన్నీ తెర మీదనే, ఇంట్ల సుఖం లేదు" అంటది. ఏడ చదివిందో, ఎవలు చెప్పిన్రో అడిగితే మాత్రం కోపం. కిరాణ దుకాణపాయన పల్లీలు కట్టిచ్చిన కాగితంల హీరోయిన్ బొమ్మ ఉన్నదంటే, పల్లీలు తట్టల పోసి ఆ కాగితాన్ని గోడకు ఆనుకొని కూసుండి మొత్తం చదివేది. సగం కత ఆ కాగితంల ఉంటుండె, మిగిలిన సగం అమ్మనే కలుపుకుంటుండె.

పెండ్లి కాకముందు తన వదినెలతోని బండి కట్టుకొని భువనగిరి టాకీసుకు వచ్చేదట. తర్వాత భువనగిరికే కోడలైంది. మా ఇల్లు గుట్ట కింది గల్లీల ఉన్నది. వాకిట్ల నిలవడితే ఖిల్లా గోడ కనిపిస్తది. "టాకీసున్న ఊర్లె ఇయ్యున్రి అని మా నాయినకు నేనే చెప్పిన" అని ఇప్పటికీ బాపు ముంగటనే అంటది. బాపు మీసాలల్ల నవ్వుకుంటడు.

అంతమందిల ఒకామె అంటే అమ్మకు పానం. ఆమె పేరు నేనీడ రాయను. ఎందుకు రాయనో ముందుకు పోతుంటే మీకే తెలుస్తది. బాపు ఒకనాడు అంగడి నుంచి నల్లగ నిగనిగలాడే బర్రె పడ్డను తోలుకొచ్చిండు. అమ్మ పసుపు కుంకుమ పెట్టి, దాని సుట్టు తిరిగి చూసి, ఆ హీరోయిన్ పేరు పెట్టింది.

"మనిషి పేరు బర్రెకు పెడ్తరానే?" అన్నడు బాపు.

"తల ఎత్తుకొని ఎట్లొస్తాందో చూడున్రి. గిది అచ్చం ఆమె నడకనే" అన్నది అమ్మ.

ఇగ ఆ పేరు మా కొట్టంల పొద్దుమాపు వినిపిస్తనే ఉండె. గడ్డి ఏసేటప్పుడు ముద్దుగ, పాలు పిండేటప్పుడు బతిమిలాడుకుంట, తాడు తెంపుకున్ననాడు మాత్రం గల్లీ గల్లీ వినేటట్టు.

తెలంగాణ వచ్చిన కొత్తల సంగతిది. నేనప్పుడు మా ఊర్లనే ఒక ప్రైవేటు బడిల పిల్లలకు తెలుగు చెప్తుంటి. ఎండకాలం సెలవులు. ఖిల్లా కింద షూటింగ్ షురూ అయిందని పొద్దున్నే గల్లీల గడబిడ మొదలైంది. ఆడోల్లు పొయ్యిమీది కూరలు దించి మరీ ఉరికిన్రు. అమ్మ పోలేదు. వాకిట్ల చింతకాయ కుప్ప పడి ఉన్నది. మాపటికి మబ్బు పట్టేటట్టు కనిపిస్తాంది. వాన పడితే ఆ చింతపండంత నల్లగైతది.

"ఇప్పటి హీరోయిన్లను ఏం చూస్తనే? ఒక్కదాని మొకంల ఒక్క భావం కనిపియ్యది. నువ్వు గూడ కూసో, గింజ తియ్యి" అని నన్ను గూడ ఆపింది.

నేను లోపల కడవలకెల్లి నీళ్లు ముంచుకుంటున్న. వాకిట్ల ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. "అమ్మా, కాసిని మంచినీళ్లు ఇస్తారా? ఇక్కడ నీడలో కాసేపు కూర్చోవచ్చా?"

ఆ గొంతు విని చెంబు పట్టుకున్న చెయ్యి ఆగింది. చిన్నప్పటి సంది మా ఇంట్ల టీవీల విన్న గొంతు అది. బయటికొచ్చి చూసిన. వెలిసిపోయిన నేత చీర, మొకానికి మసి పూసినట్టు నల్ల రంగు, తల మీద నెరిసిన విగ్గు. పేదరాలి ఏషం. గని ఆ కండ్లు మా అమ్మకు పానమైన ఆ హీరోయిన్‌వే. నేను నోరు తెరిచేలోపు ఆమె నాకెల్లి చూసి, పెదవుల మీద ఏలు పెట్టుకొని కన్నుకొట్టింది.

అమ్మ నెరిసిన జుట్టు దిక్కు ఒక్కపాలి చూసి, మళ్ల చింతకాయల మీద తల వంచింది. "కూసో అక్కా. షూటింగుకు కూలికి తోలుకొచ్చిన్రా నిన్ను? గీ ఎండల ముసలోల్లను నిలబెడ్తరు, పాపం తాకుతది వాల్లకు. ఏ ఊరు మీది?"

"గోదావరి పక్కన చిన్న పల్లెటూరమ్మా."

"గంత దూరంకెల్లి వచ్చినవా! ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ ఈ పని?"

"చిన్నప్పటి నుంచే. మొదట్లో గుంపులోనే నిలబడేదాన్ని."

"ఇప్పుడు గూడ గుంపేనా? పోనీ, ఎవల రాత వాల్లది" అని అమ్మ ఆమె ముంగట ఒక చాట జరిపింది. "ఊకె కూసుంటే పొద్దు పోదు గని, జర గింజలు తియ్యరాదు."

ఆమె చీర కొంగు దోపి, పీట జరుపుకొని కూసున్నది. మొదట చేతులకు రాలేదు. ఈనె ఒక దిక్కు, పండు ఒక దిక్కు పోయింది. అమ్మ తన చెయ్యి ఆమె చెయ్యి మీద పెట్టి చూపిచ్చింది. నాకు నవ్వు ఆగుతలేదు. చెప్దామంటే ఆమె కండ్లతోనే వద్దంటాంది.

కొంచెం సేపటికి అమ్మ అడగనే అడిగింది. "అక్కా, ఇన్నేండ్లు చేసినవ్ గద, ఫలానా హీరోయిన్‌ను దగ్గరికెల్లి చూసినవా ఎన్నడన్న?" అని, ఆమె పేరే చెప్పింది.

"చూశాను. రోజూ చూస్తూనే ఉంటాను" అన్నదామె, చింతపండు మీదికెల్లి కన్ను తియ్యకుంట.

"నిజంగనేనా? మంచిదేనంటవా మనిషి? నాకైతే పానం ఆమె అంటే. గని కోపం మాత్రం ముక్కు మీదనే అట గద. ఒకపాలి షూటింగుల అన్నం పళ్లెం ఇసిరికొట్టిందని రాసిన్రు. అన్నం సల్లగైందనట."

ఆమె చెయ్యి ఆగింది. "అన్నం చల్లగా లేదమ్మా. అప్పుడు ఆ పిల్లకి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. వాళ్లమ్మ పక్కనే కూర్చుని ఎంత తింటోందో చూసేది. లావైతే వేషాలు రావని భయం. ఆ రోజు ఇంకాస్త పెట్టించుకుందని అందరి ముందూ పళ్లెం లాగేసింది. ఆ లాగుడులో జారి పడింది. మర్నాడు పేపర్లో హీరోయిన్ విసిరిందని వచ్చింది. వాళ్లమ్మ లాగేసిందని ఎవరు రాస్తారు?"

"ఆకలి మీదున్న పిల్ల ముంగటి పళ్లెం గుంజుతరా? ఏం తల్లి అది!" అన్నది అమ్మ. ఆ మాటల ఎంత కోపమున్నదో, చింతకాయ ఒకటి నేలకేసి కొట్టింది.

తర్వాత మాట మార్చుదామని కావొచ్చు, "ఏది ఏమన్న గాని, ఏడుపు సీన్లల్ల ఆమెను మించినోల్లు లేరు. డ్యాన్సు మాత్రం రాదు" అన్నది.

"ఎవరన్నారు రాదని?"

ఆ గొంతుకు నేనే ఉలిక్కిపడ్డ. ఆమె కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. చాట పక్కకు పెట్టింది. "ఆరేళ్ల వయసు నుంచి నేర్చుకుంది ఆ మనిషి! కాళ్లు వాచిపోయినా చేసింది! రాదని ఎట్లా అంటారు మీరు?"

"నువ్వెందుకు ఎగుర్తవ్ అక్కా? నిన్నన్ననా నేను?" అన్నది అమ్మ నిమ్మలంగ.

గప్పుడే మా బర్రె తాడు ఇడిపిచ్చుకొని కొట్టంలకెల్లి వాకిట్లకొచ్చింది. తల ఎత్తుకొని, ఎవల ఫికర్ లేనట్టు నడుచుకుంట వచ్చి, తీసి పెట్టిన చింతపండు తట్టల సక్కగ మూతి పెట్టింది. అమ్మ దిగ్గున లేచి, ఆ పేరు పెట్టి ఒర్రింది. "ఏయ్! సిగ్గు లేదే నీకు? ఏడ తిండి కనపడితే ఆడ మూతి పెడ్తవా? నీ టెక్కు పాడుగాను!"

"ఏమన్నారు నన్ను?" ఆమె పీట మీదికెల్లి లేచి నిలవడ్డది.

"అయ్యో, నిన్నెందుకంట అక్కా, మా బర్రెను..."

మాట సగంలనే ఆగిపోయింది. అమ్మ ఆమె మొకంకెల్లి చూసింది. లేచిన కనుబొమ్మను చూసింది. నడుము మీద పెట్టుకున్న చేతిని చూసింది. మళ్ల బర్రెను చూసింది. చేతిల ఉన్న కట్టె జారి కింద పడ్డది. కొంగు తీసి మొకానికి అడ్డం పెట్టుకొని, "ఓ అవ్వా! ఓ అవ్వా!" అనుకుంట గోడ దిక్కు తిరిగింది. నేను అమ్మను పట్టుకుందామని పోయిన. నాకే నిలవడ చేతనైతలేదు నవ్వుతోని.

ఆమె మాత్రం నవ్వలేదు. బర్రె సుట్టు ఒకపాలి తిరిగింది. కొమ్ములు చూసింది, మెడ మీద చెయ్యేసింది. "పాలు బాగా ఇస్తుందా?" అని అడిగింది.

గోడ దిక్కుకే తిరిగి చెప్పింది అమ్మ. "మా గల్లీలనే గిసొంటిది లేదమ్మా."

"అయితే ఫరవాలేదు, నా పేరు నిలబెడుతోంది" అని గప్పుడు నవ్విందామె. ఖిల్లా మీది కోతులు గూడ ఉలిక్కిపడేటంత నవ్వు. ఆ నవ్వు వినంగనే అమ్మ తిరిగి, దగ్గరికొచ్చి, మసి పూసిన ఆ రెండు చేతులు పట్టుకొని ఏడ్చింది. నవ్వుకుంటనే ఏడ్చింది.

మధ్యాహ్నం బువ్వకు షూటింగోల్లు క్యారేజీ పంపిచ్చిన్రు. ఆమె తెరిచి గూడ చూడలేదు. మా ఇంట్ల ఆ పూట జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. అమ్మ వేడి వేడి రొట్టె చేసుకుంట ఒకటి తర్వాత ఒకటి పళ్లెంల ఏసింది. ఆమె వద్దనలేదు. మూడో రొట్టెకు అమ్మ జర ఆగి మొకం చూసింది. "వేయమ్మా, ఇప్పుడు నన్ను ఎవరు చూస్తారు?" అన్నదామె. అమ్మ రొట్టె మీద వెన్నపూస ముద్ద పెట్టి, మళ్ల పొయ్యి దిక్కు తిరిగింది.

సాయంత్రం తనే అమ్మను వెంటబెట్టుకొని షూటింగు కాడికి తీస్కపోయింది. నేను ఎనుక పోయిన. గల్లీల ఆడోల్లు నోళ్లు తెరిచి చూస్తుంటే, అమ్మ నడకల గూడ ఆనాడు టెక్కు వచ్చింది. ఆడ ఇప్పటి పిల్ల, సిన్మాల అసలు హీరోయిన్, పెద్ద గొడుగు కింద కూసున్నది. ఎవలతోని మాట్లాడది, తల ఎత్తది. పొద్దటి సంది గల్లీలంత ఆ పిల్లకు పొగరని పుకారు.

"చూసిన్రా అమ్మా, మీ కాలంల గిట్ల ఉంటిరా? ఎంత పొగరు!" అన్నది అమ్మ ఆమె చెవుల.

"దగ్గరికి పోయి చూడండి" అన్నదామె.

అమ్మ పోయింది. పక్కన నిలవడ్డ మేకప్పాయన అమ్మకు సంగతి చెప్పిండు. పొద్దున కోతి ఒకటి ఆ పిల్ల భుజం మీదికి దుంకి చేతిల అరటిపండు గుంజుకొని పోయిందట. ఆ పిల్లకు తెలుగు రాదు. చెప్పుకుందామంటే భాష లేదు, ఏడుద్దామంటే మేకప్ చెడిపోతదని భయం. గొడుగు మీదికెల్లి మళ్ల చప్పుడైతాంటే ఊపిరి గూడ తీస్తలేదు. అమ్మ ఒక కట్టె అందుకొని, గొడుగు మీద కూసున్న కోతిని అదిలిచ్చి, గోడ దాటేదాక తరిమింది. ఎనుకకు తిరిగేసరికి ఆ పిల్ల ఉరికొచ్చి అమ్మను గట్టిగ పట్టుకున్నది. పొద్దుగూకేదాక షాటుకు షాటుకు నడుమ అమ్మ కట్టె పట్టుకొని ఆ కుర్చీ పక్కనే నిలవడ్డది.

"పొగరు కాదే అది, బుగులు" అన్నది నాతోని ఇంటికొచ్చేటప్పుడు. "పాపం, పిల్లకు భయమైతే మంది పొగరన్నరు."

పోయేటప్పుడు పెద్దామె మా ఇంటికొచ్చి అమ్మతోని ఒకటి, బర్రెతోని ఒకటి ఫోటో దిగింది. నా ఫోన్‌ల తన నంబరు రాసింది. "ఊరికే ఇస్తున్నాననుకోకండి, చేయాలి" అన్నది. పెద్దోల్లు అట్లనే అంటరు, చేస్తే ఎత్తుతరా అనుకున్న నేను.

సిన్మా వచ్చినంక బాపు, అమ్మ, నేను ముగ్గురం మొదటి ఆటకే పోయినం. సిన్మాల ఆ ముసలమ్మ ఇంటర్వెల్ కాకముందే సచ్చిపోయింది. అమ్మ సీట్లకెల్లి లేచింది. "గంతేనా? గింత దానికా ఎండల నిలబెట్టిన్రు?" అని గట్టిగనే అన్నది. ఎనుక కూసున్నోల్లు నవ్విన్రు. ఇంటికి రాంగనే ఫోన్ చెయ్యమని నా మీద పడ్డది. చేసిన. రెండుపాల్లు మోగంగనే ఎత్తింది.

"ఎందుకమ్మా గంత తొందరగ సచ్చిపోయినవ్?" అన్నది అమ్మ, పలకరింపు గూడ లేకుంట.

అవతల కెల్లి నవ్వు వినిపించింది. "ఏం చేయనమ్మా, డైరెక్టరు చంపేశాడు!"

"కత మొత్తం ఇనకుంట ఎట్ల ఒప్పుకున్నవ్? ఇంకోపాలి మంచిగ అడుగు. నువ్వు పోయినంక ఆ సిన్మాల ఏమున్నది చూడనీకె?"

"అలాగే. ఈసారి అడుగుతాను" అన్నదామె.

అది ఊకె అన్న మాట అనుకున్నం. ఆర్నెల్లయినంక ఒకనాడు మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. కొత్త సిన్మా వచ్చిందట, నాయినమ్మ ఏషమట, ఒప్పుకునాల్నా వద్దా అని అమ్మను అడిగింది. అమ్మ పొయ్యి ఆర్పి, గడప మీద కూసుండి, ఫోన్ స్పీకర్‌ల పెట్టిచ్చుకొని కత మొత్తం విన్నది. నడుమ నడుమ ఆపి, "గప్పుడు ఆ కొడుకు ఏడున్నడు?", "గదేంది, కోడలికి చెప్పకుంట ఎట్ల పోతది?" అని అడిగింది. బాపు పొలంకెల్లి వచ్చి, చెప్పులు ఇడవకుంటనే నిలవడి విన్నడు.

"ఇందులో చివరిదాకా బతికే ఉంటానమ్మా" అన్నది అవతల కెల్లి.

"మంచిగనే ఉన్నది. గని చివర్ల ఆ నాయినమ్మ అందరి కాళ్లు పట్టుకొని బతిమిలాడుడు నాకు నచ్చలే. నువ్వు కాళ్లు పట్టుకునే మనిషివి కావు. గా ఒక్కటి తీసెయ్యుమను, ఒప్పుకో" అన్నది అమ్మ.

తీసేసిన్రో లేదో, ఎవల మాట మీద తీసేసిన్రో నాకు తెల్వది. ఆ సిన్మా వచ్చింది. చివరి సీన్ల నాయినమ్మ ఎవల కాళ్లు పట్టుకోలేదు. కుర్చీల కూసుండి, కనుబొమ్మ లేపి, కొడుకుతోని "అన్నం తిన్నావా?" అని అడిగింది, గంతే. టాకీసుల అమ్మ పక్కన కూసున్న ఎవరో తెల్వనామె కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. అమ్మ ఆమె దిక్కు వంగి, "బంగారమసొంటి మనిషి. మాకు బాగ ఎరుక" అని చెప్పింది.