తారు ముట్టని గాస్పరో

గాస్పరో తారు రోడ్డు మీద సైకిలు టైరు మోపడు. ఆయన గురించి చెప్పుకోవలసిందంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. మిగతా వింతలన్నీ దీని పిల్లలూ మనవలూను. తారు దగ్గర ఆయనకి మడి.

ఇటలీలో కియాంతి కొండల్లో ద్రాక్షతోటల మధ్య తెల్లటి కంకర దారులకి కొదవ లేదు. కార్లు రావు, లారీలు రావు, రోజంతా తొక్కినా ఒక మేకల మంద తప్ప ఎదురుపడదు. కానీ ఎంత తెల్లదారైనా ఎక్కడో ఒకచోట తారు రోడ్డుని దాటక తప్పదు కదా. అక్కడ గాస్పరో దిగుతాడు. పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకొచ్చే మేనమామలా సైకిలు భుజానికెత్తుకుని, అటూ ఇటూ చూసి, జాగ్రత్తగా దాటి, అవతల కంకర మీద దించుతాడు.

ఒకసారి కొత్తగా వచ్చిన పోలీసు ఆపాడు.

"ఏమయ్యా, సైకిలు చెడిపోయిందా?"

"లేదండీ, బంగారంలా ఉంది."

"మరి ఎక్కవేం?"

"తారండీ."

"తారైతే?"

"మీరు వంకాయ తింటారా?"

"తినను. నా ఒంటికి పడదు."

"నాకు తారూ అంతే."

పోలీసు రెండు లారీలు ఆపి మరీ దారిచ్చాడు.

ఇంట్లో భార్య ఇల్దా పడే పాట్లు వేరు. వాళ్ళ ఇంటికి రొట్టెల కొట్టు రెండు వందల అడుగులు, దారంతా తారు రోడ్డే. గాస్పరో మాత్రం ఆలివ్ తోటల వెనకనుంచి ఆరు కిలోమీటర్లు చుట్టి వెళతాడు. నడిచి వెళ్ళొచ్చుగా అంటే సైకిలు చిన్నబుచ్చుకుంటుందంటాడు. తిరిగొచ్చేసరికి సంచిలో సగమే ఉంటుంది.

"ఏమయ్యా, రొట్టె తెమ్మంటే రొట్టె తోక తెచ్చావేం?"

"దారి దూరమే!"

పుట్టుకతో వచ్చిన జబ్బు కాదిది. ఆరేళ్ళ కిందటి దాకా అందరిలాగే తారు మీద తొక్కినవాడే. ఒక శీతాకాలం ఉన్నట్టుండి మానేశాడు. ఎందుకని అడిగితే పూటకో జవాబు. తారు వాసనకి తలనొప్పి అన్నాడు. కలలో ఎవరో పునీతుడు కనబడి వద్దన్నాడన్నాడు. "నా టైర్లు కంకరకి అలవాటు పడ్డాయి, ఇప్పుడు మారిస్తే ఏడుస్తాయి" అన్నాడు మరోసారి.

ఈ మడికి అందరికంటే ఎక్కువ బలైనవాడు లాపో. ఊళ్ళో మంగలి, గాస్పరోకి చిన్ననాటి స్నేహితుడు. ప్రతి ఆదివారం ఇద్దరూ పియెవాల్తా కొండ మీదికి కాఫీకి వెళతారు. తారున వెళితే నాలుగు కిలోమీటర్లు. తెల్లదారిన పందొమ్మిది, మధ్యలో మూడు కొండలు. లాపో మోకాళ్ళకి ఈ లెక్క కంఠతా వచ్చు.

"ఒరేయ్, నేను తారున పోతాను. నువ్వు కంకరన రా. కాఫీ దగ్గర కలుద్దాం."

"నాకోసం గంటన్నర కూర్చుంటావా?"

"హాయిగా కూర్చుంటా."

"స్నేహితుడన్నవాడు అలా కూర్చోడురా."

ఆ మాటకి లాపో రొప్పుకుంటూ వెనకాలే వెళ్ళేవాడు. ఆరేళ్ళు వెళ్ళాడు.

రెండో కొండ ఎక్కగానే ఫోస్కత్త ఇల్లు. సరిగ్గా ఆ గుమ్మం ముందు గాస్పరో సైకిలు చైను ఊడిపోతుంది. ఒక వారం తప్పదు. బుధవారం ఒక్కడే వెళ్ళినప్పుడూ అక్కడే ఊడుతుందట.

ఫోస్కత్తకి ఎనభై ఆరేళ్ళు. రెండు వరసల ద్రాక్షతీగలూ తనూ, అంతే సంసారం. ఒకరి సాయం పుచ్చుకోవడమంటే ఆవిడకి ఒళ్ళుమంట. గుడ్డు తెచ్చిస్తే కోడిని తిరిగిస్తుంది. పనిసాయానికని పురపాలకవాళ్ళు ఒకమ్మాయిని పంపితే చీపురుతో కొండ కింది వంతెన దాకా సాగనంపింది.

"మళ్ళీ ఊడిందా?"

"ఊడింది అత్తా."

"ఆ సైకిలు మార్చరాదూ?"

"సైకిలు మంచిదే అత్తా, కొండే చెడ్డది."

"నూనె డబ్బా అరుగు మీదుంది. చేతులు ఎలాగూ మసి చేసుకున్నావుగా, ఆ పొయ్యి గొట్టం కూడా ఓ చూపు చూసి పో."

అప్పటికే మసైన చేతులతో చేసిన పని ఆవిడ శాస్త్రంలో సాయం కిందికి రాదు. అలా పొయ్యి గొట్టం, పంపు, కప్పు మీద పెంకులు, అన్నీ ఆ చైను పుణ్యాన బాగుపడ్డాయి. పని కాగానే ఇద్దరికీ చెరో గ్లాసు సొంత వైను. అది ఒక గుక్క తాగితే పళ్ళు పులుస్తాయి, రెండో గుక్కకి పళ్ళున్న సంగతే తెలియదు. గాస్పరో గటగటా తాగి "పోయినేటికంటే నయం" అనేవాడు. లాపో మాత్రం ఆవిడ అటు తిరగగానే గుమ్మం పక్క రోజ్‌మేరీ మొక్క కుండీలో ఒంపేసేవాడు.

ఇలా ఉండగా, మొన్న శీతాకాలం ఫోస్కత్తకి ఆయాసమొచ్చింది. అంబులెన్సు వానకి కోసుకుపోయిన దారి దగ్గర ఆగిపోయింది. స్ట్రెచరు తెచ్చినవాళ్ళని తిడుతూ ఆవిడే కిందికి నడిచి వెళ్ళింది. దాంతో మార్చిలో పురపాలకవాళ్ళు కాగితం పంపారు. వంతెన నుంచి ఆవిడ ఇంటి దాకా తారు వేస్తాం, ఒప్పుకుంటూ సంతకం పెట్టమని.

లాపో కొట్లో గడ్డం గీయించుకునే ప్రతివాడిదీ ఇదే గోల.

"గాస్పరో వెళ్ళి సంతకం వద్దని ఆవిడ కాళ్ళు పట్టుకుంటాడు చూడండి."

"పట్టుకోడూ మరి! తారు పడితే వీడు ఆ కొండెక్కడు. ముసలావిడ గుమ్మం తొక్కే నాథుడే ఉండడు."

ఆ ఆదివారం యథాప్రకారం చైను ఊడింది. ఫోస్కత్త లాపోని ఇంటి పక్క నూతికి నీళ్ళకి తోలింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది. లోపల గాస్పరో గొంతు వినబడింది.

"సంతకం పెట్టు అత్తా."

లాపో చేతిలో బాల్చీ నూతిలో పడింది.

"తారు వేస్తారటరా, తెలుసా?"

"తెలుసు. అంబులెన్సు గుమ్మంలోకి రావాలి. తిడుతూ నడవడానికి ప్రతిసారీ ఓపిక ఉంటుందా?"

"మరి నువ్వో? తారు ముట్టవుగా."

"నా తిప్పలు నేను పడతాలే."

ఫోస్కత్త పకపకా నవ్వింది. "ఆరేళ్ళ కిందట నేను మెట్ల మీద జారిపడ్డ వారానికే ఊడిపడ్డావు నువ్వు. మంచి తారు రోడ్డుండగా ఇటెందుకొచ్చావురా, ఉన్నానో పోయానో చూడ్డానికా అని చీపురు తీశాను. బిక్కమొహం వేసి, 'నేను తారు మీద తొక్కనత్తా' అన్నావు."

"నోటికొచ్చింది అనేశాను."

"నిజమో కాదో తేల్చుకుందామని రొట్టెల కొట్టు ఆవిడకి ఫోను చేశాను."

"నేను ఇల్లు చేరేసరికి ఇల్దా గుమ్మంలో నిలబడి అడిగింది. ఊరంతా తెలిసిపోయాక ఇంకేం చేస్తాను, మానేశాను!"

ఒక్క అబద్ధానికి ఆరేళ్ళ శిక్ష. లాపో తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు.

"ఆ చైను కూడా నువ్వే వేలు పెట్టి ఊడదీస్తావు. ఈ కిటికీలోంచి చక్కగా కనబడుతుంది."

"మరి ఇన్నాళ్ళూ అనలేదేం అత్తా?"

"అంటే రావడం మానేస్తావుగా!"

లాపోకి ఆ పిచ్చివాడి మీద ఆరేళ్ళుగా లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. బాల్చీ పైకి తీసేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఫోస్కత్త సంతకం పెట్టింది. కింద తన చేత్తోనే ఒక షరతు రాసింది: "తోట పక్క రెండు జానెల వెడల్పు కంకర అలాగే వదలాలి. ఊళ్ళో ఒక పిచ్చివాడున్నాడు." ఇంజనీరు తల గోక్కున్నాడు. కాదంటే చీపురు పట్టుకుని ఆఫీసుకే వస్తుందని ఎవరో చెబితే మారు మాట్లాడకుండా వదిలేశాడు.

జూన్‌కల్లా తారు పడింది. మొదటి ఆదివారం గాస్పరో ఆ రెండు జానెల కంకర మీద ఊగుతూ తూలుతూ తొక్కుతున్నాడు. అప్పటికే రెండుసార్లు ద్రాక్షతీగల్లో పడి లేచాడు. పక్కనే నున్నటి తారు మీద లాపో ఈల వేసుకుంటూ వస్తున్నాడు.

"ఒరేయ్, తారెక్కరా. ఎవరూ చూడ్డం లేదు."

"అత్త చూస్తుంది."

"అత్తకి తెలు..." అని లాపో నాలిక కరుచుకున్నాడు.

గుమ్మం ముందు గాస్పరో చైను ఊడింది. ఫోస్కత్త నడుం మీద చేతులు పెట్టుకుని బయటికొచ్చింది. లాపో దిగాడు. తర్వాత వంగి, ఆవిడకేసి తిరిగి మరీ, తన చైను మీద వేలు పెట్టాడు.

"నీదేమైందిరా?" అంది ఫోస్కత్త.

"ఊడింది అత్తా."

"కొత్త తారు మీద కూడానా?"

"తారు మంచిదే అత్తా, కొండే చెడ్డది."

గాస్పరో నోరు తెరుచుకుని స్నేహితుడి వంక చూశాడు. ఫోస్కత్త మాత్రం మొహంలో నవ్వు బయటపడకుండా నూనె డబ్బా అందించింది.

"చేతులు ఎలాగూ మసి చేసుకున్నావుగా, అటక మీద జాడీలు దింపి పో. వైను పోస్తాను. ఈసారి నువ్వు తాగాల్సిందే, రోజ్‌మేరీ నిరుడే చచ్చిపోయింది."