సలోమీ గారి నంబరు

ఆదివారం పొద్దున డ్యూటీ పడితే నేను కిటికీ మూయను. నరసరావుపేటలో మా కంట్రోల్ రూమ్ వెనక సందులో ఒక చర్చి ఉంది. ఎండ ఎక్కేసరికి మైకులో పాట మొదలవుతుంది. హార్మోనియం ఒక దారిన, పాడేవాళ్ళు ఇంకో దారిన పోతుంటారు. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకున్నా ఆ పాట లోపలికి వస్తూనే ఉంటుంది. పక్క సీటు అమ్మాయి విసుక్కుంటుంది. నాకు మాత్రం ఆ పాట వినగానే సలోమీ గారు గుర్తొస్తారు. ఈ కుర్చీలో కూర్చుని ఎలా పలకాలో నాకు నేర్పింది ఆమే.

సలోమీ గారు మాచర్లలో ఫైర్ స్టేషన్ ఫోను దగ్గర పనిచేసేవారు. అప్పట్లో అన్నీ విడివిడిగా ఉండేవి. మంటలకు ఒక నంబరు, దెబ్బలకు ఒకటి, కొట్లాటలకు ఇంకొకటి, ఎవరి గది వాళ్ళదే. నేను అంబులెన్సు కాల్స్ తీసుకునేదాన్ని. అయితే మా పల్నాటి వాళ్ళకు నంబరుకు ఫోన్ చేసే అలవాటు లేదు, మనిషికి చేస్తారు. స్టేషన్లో మనవాడెవరు, ఆస్పత్రిలో మనవాళ్ళెవరు అని చూసుకుని నేరుగా వాళ్ళ సెల్లుకే కొడతారు. మాచర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ మనిషి సలోమీ గారు. గడ్డివామి తగలబడినా ఆమెకే, పాము కరిచినా ఆమెకే, మొగుడు తాగొచ్చి కొట్టినా ఆమెకే. ముందు నాలుగు తిట్టి, ఆ వెంటనే ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పి బండి పంపించేవారు. "తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఏ ఊరో చెప్పు" అని ఆమె కసరడం, బండి కోసం మాకు ఫోన్ చేసినప్పుడు నేను ఎన్నోసార్లు విన్నాను. ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

కొత్త జిల్లా వచ్చాక ఈ గదులన్నిటినీ కలిపి నరసరావుపేటలో ఒకే గది, ఒకే నంబరు చేస్తామన్నారు. అందరికంటే గట్టిగా ఎదురు తిరిగింది ఆమే. మీటింగులో లేచి నిలబడి, "మాచర్లలో అంటుకున్న మంటని పేటలో కూచుని ఆర్పుతారా సార్? ఫోను ఎత్తేవాళ్ళకి మా ఊళ్ళు తెలవద్దా?" అని అడిగారు. పెద్ద ఆఫీసరు నవ్వి, "ఊళ్ళు తెలిసినవాళ్ళు కావాలనే మిమ్మల్ని సూపర్‌వైజర్‌గా వేస్తున్నాం" అన్నారు.

సలోమీ గారు వచ్చారు గానీ అలక మీదే వచ్చారు. గోడ నిండా తెరలు, ఒకే వరసలో పోలీసు, ఫైరు, అంబులెన్సు వాళ్ళం. ఆమె బల్ల మీద మాత్రం ఆమె సొంత సెల్లు ఉండేది. మొదట్లో మా అందరి ఫోన్లకంటే అదే ఎక్కువ మోగేది. "చూశావా పద్మా, ఎన్ని మిషన్లొచ్చినా జనానికి మనిషే కావాల" అనేవారు. అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయేది. అంత గర్వం ఆమెకు తప్ప ఇంకెవరికీ నప్పదు.

మిరప కోతల రోజులవి. ఆదివారం చర్చిలో ఉన్నంతసేపూ ఆమె సెల్లు ఆపేసేవారు. అలాంటి ఒక ఆదివారం రెంటచింతల అవతల ఒక ఊరి దగ్గర కూలీల ట్రాక్టరు బోల్తా పడింది. ఊరివాళ్ళు పరుగెత్తుకొచ్చి, అలవాటు ప్రకారం సలోమీ గారికి ఫోన్ చేశారు. స్విచాఫ్. "ఆయమ్మ ఎత్తిద్దిలే, చేస్తా ఉండండి" అని ఒకరి తర్వాత ఒకరు ఆమెకే చేస్తూ ఉండిపోయారు. ఇక్కడ మేము ఖాళీగా కూర్చున్నాం. గురజాలలో అంబులెన్సు ఖాళీగా నిలబడి ఉంది. మాకు ఒక్క ఫోనూ రాలేదు. చివరికి దెబ్బలు తగిలినవాళ్ళను ఆటోల్లో వేసుకుపోయారు. ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ కోటమ్మ అనే ఆవిడకు, ఆలస్యమైపోయిందని చెప్పి, గుంటూరు ఆస్పత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు.

ఆమెను చూడడానికి వెళుతూ సలోమీ గారు నన్ను తోడు రమ్మన్నారు. మంచం పక్కన నిలబడి, "నా ఫోను ఆపుంది కోటమ్మా" అని మాత్రం అన్నారు.

"ప్రార్థనలో ఉన్నావంట గదా, నువ్వేం చేస్తావు" అంది కోటమ్మ. "మాకు నువ్వు తప్ప ఇంకెవురు తెలుసమ్మా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది. బయటికొచ్చి సలోమీ గారు మెట్ల మీద కూలబడ్డారు. "నన్ను నమ్ముకోబట్టే దాని కాలు పోయిందే. నేనెత్తితేనే బండి వచ్చిద్దనుకున్నారు. వాళ్ళట్టా అనుకుంటుంటే నేను సంబరపడ్డా" అన్నారు. నేనేదో ఓదార్చబోతే చెయ్యి అడ్డం పెట్టారు. అంత పెద్ద నోరున్న మనిషి అలా గొంతు తగ్గించి మాట్లాడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆమె తన సెల్లు తెచ్చి మా అందరి మధ్యా పెట్టారు. "ఇది ఇంక గదిది. సీట్లో ఎవరుంటే వాళ్ళు ఎత్తండి. సలోమీ ఉందా అంటే, మీకేం కావాలో చెప్పండి అనండి, అంతే" అన్నారు. అంతటితో ఆగలేదు. సెలవు దొరికినప్పుడల్లా మాచర్ల బస్సెక్కి ఊరూరా తిరగడం మొదలుపెట్టారు. రేషన్ షాపుల ముందు, మిరప కల్లాల్లో, చర్చిల్లో, గుళ్ళ అరుగుల మీద ఎక్కడ నలుగురు కనబడితే అక్కడ నిలబడి ఒకటే మాట చెప్పేవారు: నాకు ఫోన్ చేయబాకండి.

ఒకసారి నేనూ వెళ్ళాను. కల్లంలో కాయలు ఆరబోస్తున్న ఒక పెద్దాయన ససేమిరా అన్నాడు. "ముక్కూ మొగం తెలవనోళ్ళకి చెప్పుకుంటే వస్తారంటమ్మా? నువ్వయితే తిట్టయినా పంపిస్తావు."

"నేను చచ్చిపోయాననుకో పెదనాన్నా, అప్పుడేం చేస్తావు?"

"అట్టా అనబాకమ్మా."

"ఇటియ్యి నీ ఫోను." ముందే మా గదిలో చెప్పి ఉంచారు కాబట్టి, అక్కడికక్కడే కొత్త నంబరు కొట్టి ఆయన చెవి దగ్గర పెట్టారు. అవతల మా గదిలోని అమ్మాయి, "చెప్పండి, ఏ ఊరు?" అంది. పెద్దాయన ఊరి పేరు చెప్పాడు. బ్రిడ్జి ఇవతలా, అవతలా అని ఆమె అడిగేసరికి ఆయన మొహం విప్పారింది. "ఈ పిల్లకీ తెలుసే మన ఊరు" అన్నాడు. సలోమీ గారు ఆ ఫోను వెనక్కి తీసుకుని, అందులో ఉన్న తన నంబరును తానే తీసేశారు. తిరుగు బస్సులో, "మంచి పని చేస్తున్నారు మేడమ్" అన్నాను. "మంచిదేలే. ఇంక నాకెవరు ఫోన్ చేస్తారే" అన్నారు.

మెల్లగా ఆమె సెల్లు మోగడం తగ్గింది, మా ఫోన్లు మోగడం పెరిగింది. ఆమె రిటైరయ్యే నాటికి ఆ సెల్లు రోజంతా పలక్కుండా పడి ఉండేది. అప్పుడప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని చార్జింగ్ ఉందో లేదో చూసి, నవ్వుకుని, మళ్ళీ పెట్టేసేవారు. పోయినేడాది ఆమె జబ్బు చేసి కన్నుమూశారు. సమాధి దగ్గర మాచర్ల జనం తక్కువే ఉన్నారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు.

మొన్నీమధ్య కోటమ్మ ఊరి నుంచే ఒక ఫోన్ వచ్చింది. కొత్త కోడలికి నొప్పులు మొదలయ్యాయి, ఆడపడుచు కంగారు పడుతోంది. బండి గుమ్మం ముందు ఆగేదాకా ఆ అమ్మాయితో మాట్లాడుతూనే ఉన్నాను. సాయంత్రం ఆ ఆడపడుచే మళ్ళీ ఫోన్ చేసి, పక్క సీట్లో ఎత్తిన అమ్మాయిని పొద్దున మాట్లాడినావిడను పిలవమని అడిగిందట. నేను ఫోన్ తీసుకోగానే, తల్లీ బిడ్డా బాగున్నారంది. ఆడపిల్లంట.

"మీ పేరేందక్కా? మీ సెల్లు నంబరు కూడా ఇయ్యండి. ఈసారి ఏదన్నా అయితే మీకే చేస్తా" అంది.

చెప్పాలని ఎంత అనిపించిందో. నా పేరు ఒక ఇంట్లో అలా ఉండిపోతుంది కదా అనిపించింది. సలోమీ గారు ఆ కల్లంలో ఏం వదులుకున్నారో నాకు అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది.

"నా పేరెందుకమ్మా, ఈ నంబరుకే చెయ్యి" అన్నాను. "ఎవరెత్తినా బండి వచ్చిద్ది."